ఎర్ర చుక్క, ఆకుపచ్చ చుక్క

దారాల షాపులో రంగు తప్పితే సరుకు వెనక్కి వస్తుంది, తెచ్చిన మనిషి మాత్రం మళ్లీ గడప తొక్కడు. ఈ సంగతి బాగా తెలిసిన మనిషి కాబట్టి షాపు పెద్దమ్మ గల్లాపెట్టె తాళంచెవి ఎవరి చేతికైనా ఇచ్చేదేమో గానీ, దర్జీలు పట్టుకొచ్చిన గుడ్డముక్కలు మాత్రం ఒక్క మనిషికే ఇచ్చేది. ఆ మనిషిని వీధి వీధంతా రంగులక్క అని పిలిచేది.

ముక్క చేతికి రాగానే రంగులక్క అరల వైపు చూడదు. ముందు గడప దాకా నడుస్తుంది. లోపలి ట్యూబులైటు వట్టి అబద్ధాలకోరు. నీలాన్ని నలుపంటుంది, మీగడ రంగును తెలుపంటుంది. అందుకని ఆమె వీధి వెలుతురులో ముక్కను చూపుడువేలి మీద పరిచి, కాస్త వాలుగా పట్టి, ఒకసారి కళ్లు మూసి తెరుస్తుంది. అంతే. వెనక్కి వచ్చి నాలుగు వందల పైచిలుకు రీళ్లలోంచి ఒక్కటి లాగి బల్ల మీద పెడుతుంది. పక్కన ఇంకోటి పెట్టి ఇదా అదా అని అడగడం ఆమెకు అలవాటు లేదు. ఆ షాపులో నలుపులే పదకొండు ఉండేవి. పదకొండూ ఆమెకు మనుషుల్లా తెలుసు.

ఎంత ఉక్కపోసినా మణికట్టు దాకా చేతులున్న చొక్కానే వేసుకునేది. ఎందుకో పెద్దమ్మకు తెలుసు. పనిలో చేరిన కొత్తలోనే తేల్చి చెప్పేసింది.

"నేను పనిలో పెట్టుకున్నది నీ కళ్లను, నీ చేతుల్ని కాదు. అవి వణకనంత కాలం వాటిని నేను చూడలేదు."

అది దయ అని రంగులక్క ఎన్నడూ పొరబడలేదు. మంచి గుడ్డకు ఒక మూల మచ్చ ఉంటే ఆ మూలను లోపలికి మడిచి అమ్ముకునే షాపు మనిషి తీరు అది. ఆమెకు అలాంటి ఒప్పందాలే నచ్చుతాయి. ఎవరికి ఏం కావాలో తెలిసిపోతుంది, పైగా ఎవరూ ఎవరినీ ఉద్ధరించరు.

మత్తుపొడితో కూడా ఆమెది అలాంటి ఒప్పందమే. పొద్దున షాపుకు రాకముందు ఒక సూది, సాయంత్రం దీపాలు పెట్టే వేళకు ఒక సూది. మానేద్దామని మూడుసార్లు మానింది, మూడుసార్లూ మళ్లీ దాని దగ్గరికే వెళ్లింది. ఇప్పుడు మానడం గురించి మాట్లాడదు. రెండు మూడు కాకుండా చూసుకుంటుంది, అంతవరకే.

ఇంట్లో తాళాలాయన ఉన్నాడు. ఏడేళ్లుగా ఇద్దరూ ఒక్క గదిలోనే ఉంటున్నారు. వీధుల్లో తిరిగి తాళాలు బాగుచేయడం ఆయన పని. పోయిన తాళంచెవికి బదులు ఇంకోటి ఆకురాయితో అరగదీసి ఇస్తాడు. ఆయన వేళ్లు తొందరపడవు. రంగులక్క నరాలు సన్నం, పట్టుబడవు. తనకు తాను వేసుకోవడం ఆమెకు చేతకాలేదు. ఆయనే వేస్తాడు. ముందు తను వేసుకుంటాడు, తరువాత ఆమెకు.

"సరుకులో తేడా ఉంటే ముందు నాకు తెలుస్తుంది కదే, నీ దాకా ఎందుకు," అనేవాడు. ఏడేళ్లుగా ఆ మాటను ఆమె ప్రేమ కిందే లెక్కేసుకుంది.

చుక్కల ఏర్పాటు మాత్రం ఆమెది. ఏడాది అయింది. గోళ్ల రంగు రెండు సీసాలు కొని, సిరంజి అడుగున ఒక చుక్క పెట్టేది. తనదానికి ఎరుపు, ఆయనదానికి ఆకుపచ్చ. శుభ్రం కోసమని చెప్పింది. ఆయన తలూపాడు. అసలు కారణం ఆమె కడుపులోనే ఉండిపోయింది.

ఆయన ఎడమ చెయ్యి విరిగి మూడు నెలలు కూర్చున్నప్పుడు ఇద్దరి సూదులకూ పొడి ఆమే తెచ్చింది. ఎలా తెచ్చావని ఆయన అడగలేదు. పొడి అమ్మేవాడి గదికి ఎన్నిసార్లు వెళ్లిందో, ఎన్నిసార్లు కండోమ్ తీసుకెళ్లిందో ఆమెకు లెక్క ఉంది. ఒకసారి అది చిరిగింది. ఆ ఒక్కసారీ ఆమె కళ్ల ముందు నుంచి పోలేదు. ఆ తరువాత ఇంట్లో కూడా ఒకసారి ప్యాకెట్టు బయటికి తీసింది. తాళాలాయన దాన్ని చూసి, ఆమెను చూసి, నెమ్మదిగా అడిగాడు.

"నేనూ ఆ వరసలోవాణ్నేనా?"

దానికి జవాబు చెప్పాలంటే తన భయం చెప్పాలి. చెప్పలేక ప్యాకెట్టు లోపల పెట్టేసింది. అప్పటి నుంచి పక్క దగ్గర తలనొప్పి అంది, నడుం నొప్పి అంది. అన్ని రోజులూ నొప్పులు దొరకవు కదా. పక్క దగ్గర కాపాడలేనివాణ్ని సూది దగ్గరైనా కాపాడదామని చుక్కలు పెట్టింది. ఎరుపంటే ఆగమని. ఎరుపంటే ఇది నా రక్తం, నువ్వు ముట్టుకోకు అని.

మంగళవారం పెద్దమ్మ దగ్గర గంట అనుమతి తీసుకుని సూదుల నర్సు గదికి వెళ్లింది. బట్టలుతికే మిషన్ల షాపు మీద గది అది. కింద మిషన్లు తిరుగుతుంటే పైన నేల సన్నగా అదిరేది. వాడిన సూదులు పసుపు డబ్బాలో వేసి కొత్తవి తీసుకోవాలి. నర్సు గుప్పెడు ఇవ్వబోతే రంగులక్క ఎప్పటిలాగే నాలుగే తీసుకుంది. మలుపులో పోలీసులు సంచులు తెరిచి చూస్తున్నారు. ఎక్కువ దొరికితే ఎక్కువ మాట్లాడాలి. మనిషికి రెండు, వారమంతా వాటితోనే. నర్సుకు ఈ పొదుపు నచ్చదు. సూది అంటే ఒక్కసారికే అని ఆమె చెప్పీ చెప్పీ అలిసిపోయింది. ఆ రోజు ఇంకో సంగతి ఎత్తింది.

"హెచ్‌ఐవీ పరీక్ష ఎప్పుడమ్మా? వేలి మీద ఒక్క పోటు. ఇరవై నిమిషాలు కూర్చుంటే తేలిపోతుంది."

"వచ్చే వారం, నర్సమ్మా."

"పోయిన వారం కూడా వచ్చే వారమే అన్నావు."

రంగులక్క నవ్వి సంచి భుజాన వేసుకుంది. మెట్లు దిగుతూ అనుకుంది: తేలనంత వరకు సగం మంచి, సగం చెడు. తేలిపోతే ఏదో ఒకటే మిగులుతుంది. చుక్కలు ఉన్నాయి కదా, ఆయనకేం కాదు. ఇంకొన్నాళ్లు ఇలాగే నడుస్తుంది.

బుధవారం షాపు వెనక గోదాము తాళం బిగుసుకుపోయింది. పెద్దమ్మ తాళాలాయనను పిలిపించింది. ఆయన సంచి విప్పి, గడప మీద చతికిలబడి, తాళానికి చెవి ఆనించి డాక్టరులా విన్నాడు. పావుగంటలో విప్పేశాడు. గొళ్లెం మళ్లీ బిగించడానికి ఒక మేకు తక్కువైంది.

"మేకులు నీ వెనక అరలో ఉన్నాయి చూడు, ఆకుపచ్చ మూత డబ్బాలో," అంది పెద్దమ్మ.

అరలో ఒకే కొలత డబ్బాలు రెండున్నాయి. ఒకదానికి ఆకుపచ్చ మూత, రెండోదానికి ఎర్ర మూత. తాళాలాయన చెయ్యి వాటి ముందు ఒక్క క్షణం ఆగింది. తరువాత ఎర్ర మూత డబ్బా తీసుకుని విప్పాడు. లోపల కొక్కేలున్నాయి. మూత పెట్టేసి రెండోది తీశాడు.

పెద్దమ్మకు నవ్వొచ్చింది. "ఊరికంతా రంగులు చెబుతుంది మా అక్క. నీకు మాత్రం ఇంట్లో పాఠాలు లేవా ఏమయ్యా?"

"లోపల చీకటిగా ఉంది పెద్దమ్మా," అన్నాడు ఆయన.

రంగులక్క కూడా నవ్వింది. ఆమె అప్పుడు గడప దగ్గర ఒక దర్జీ తెచ్చిన ముక్క పట్టుకుని ఉంది. గోదాము తలుపు బార్లా తెరిచి ఉంది. వెనక సందులోంచి ఎండ నేరుగా అర మీద పడుతోంది. డబ్బాల మూతల మీద దుమ్ము కూడా కనిపిస్తోంది. నవ్వు ముఖం మీద ఉండగానే ఆమె అరల వైపు తిరిగింది. రీలు తీసి బల్ల మీద పెట్టింది. దర్జీ దాన్ని ముక్క పక్కన పెట్టి చూశాడు, ఆమె వైపు చూశాడు, మొహమాటంగా గొంతు సవరించుకున్నాడు.

"అక్కా, ఇది కాదేమో."

ఆ షాపులో ఆమె రంగు తప్పడం అదే మొదటిసారి.

సాయంత్రం గదిలో ఆమె ఎప్పటిలా వెనక్కి తిరిగి కూర్చోలేదు. చేతికి గుడ్డ కట్టుకుని ఆయన చేతుల వైపే చూస్తూ కూర్చుంది. రెండు సిరంజిలు గ్లాసులో ఉన్నాయి. తనది కావాలనే ఎడమవైపు పెట్టింది. తాళాలాయన ఏవో కబుర్లు చెబుతూ గ్లాసులో చెయ్యి పెట్టాడు. అడుగు వైపు చూడను కూడా చూడలేదు. ఎడమవైపుది తీశాడు.

"అది నాది," అంది.

"ఓ, మాటల్లో పడి," అని పెట్టేసి రెండోది తీసుకున్నాడు.

అంత తేలిగ్గా అన్నాడు కాబట్టే ఆమెకు నమ్మకం కుదరలేదు. ఆ పూట కొత్తవి రెండు విప్పించింది. ఎందుకని అడిగితే మొన పోయిందంది.

గురువారం పొద్దున ఇంకా షాపు వేళ కాలేదు. కిటికీ తలుపు తెరిచి, పాత సిరంజిలు రెండూ కిటికీ గట్టు మీద ఎండలో పెట్టింది. ఆయనను పిలిచింది.

"వీటిలో నీది ఏది?"

తాళాలాయన గట్టు వైపు చూడలేదు. ఆమె ముఖం వైపు చూశాడు. ఎక్కడైనా కనుబొమ కదులుతుందేమో, చూపు ఒక పక్కకు ఒరుగుతుందేమోనని చూశాడు. ఇన్నేళ్లూ ఇలాగే గట్టెక్కుతూ వచ్చాడని ఆమెకు అప్పుడు అర్థమైంది. ముఖం గోడలా పెట్టుకుంది.

"పొద్దున్నే ఈ పరీక్షలేంటే," అన్నాడు.

"ఏది?"

ఆయన మంచం మీద కూర్చున్నాడు. "రెండూ ఒక్కలాగే ఉన్నాయి. బురద రంగు."

"ఎప్పటి నుంచి?"

"పుట్టినప్పటి నుంచి. ఆకులూ అంతే, పండ్లూ అంతే. సిగ్నలు దగ్గర పైనున్న దీపమా కింద దీపమా అని చూసి రోడ్డు దాటుతాను."

"ఏడాదిగా చుక్కలు పెడుతున్నాను. ఒక్క మాట చెప్పొచ్చు కదా."

"నువ్వు అంత ముచ్చటగా పెడుతుంటే ఎలా చెప్పనూ?" ఆయన గొంతు తగ్గింది. "రంగులక్క మొగుడికి రంగులు తెలియవంటే జనం నవ్వరా? నన్ను చూసి కాదు, నిన్ను చూసి."

ఆమె గోడకు ఆనుకుంది. లెక్క దానంతట అదే మొదలైంది. వారానికి పద్నాలుగుసార్లు. గుడ్డిగా చెయ్యి పెట్టి తీసినా సగం సార్లు ఎవరిది వాళ్లకే వచ్చి ఉంటుంది. మిగిలిన సగం? కొత్తవి విప్పిన రోజులు తీసేసినా, ఆమె ఊళ్లో లేని పది రోజులు తీసేసినా, మిగిలిన సగం చిన్న అంకె కాలేదు. ఏడాది పాటు కాపాడుతున్నాననుకున్న మనిషికి ఎన్నిసార్లు తన రక్తం ఎక్కిందో. పదకొండు నలుపులు తెలిసిన మనిషి ఇంట్లో ఈ ఒక్కటీ చూడలేదు.

ఇక దాచి ప్రయోజనం లేదు. పొడి అమ్మేవాడి గది సంగతి, చిరిగిన ప్యాకెట్టు సంగతి చెప్పేసింది. ఎరుపు ఎందుకు పెట్టిందో కూడా చెప్పింది.

తాళాలాయన లేచి వచ్చి ఆమె తల మీద చెయ్యి వేశాడు.

"వాడి సంగతి నాకు తెలుసులే. నేనూ తిన్నాను కదా అందులో. రేపే పోదాం పరీక్షకు. ఏదొచ్చినా నిన్నేమీ అనను."

అంత మంచి మాట ఆయన నోట ఆమె ఎప్పుడూ వినలేదు. తల వంచుకుని విన్నది. ఆ చెయ్యి బరువుగానే ఉంది.

శుక్రవారం మధ్యాహ్నం నర్సు గది ఉంటుంది. తాళాలాయన ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. మెట్లెక్కేటప్పుడు ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు, జబ్బు మనిషిని ఆసుపత్రికి తీసుకొచ్చిన బంధువులాగా. నర్సు ఇద్దరి వేళ్లనూ పొడిచింది. ఫలితం ఎవరిది వాళ్లకు విడిగా చెబుతానంది. ఆయన ఒప్పుకోలేదు. మా ఇద్దరి మధ్యా దాపరికాలు లేవు, ఆమె తట్టుకోలేకపోతే పక్కన నేనుండాలి కదా, కలిపే చెప్పండి అన్నాడు. నర్సు రంగులక్క వైపు చూసింది. ఆమె తలూపింది.

ఇరవై నిమిషాలు కింద మిషన్లు తిరిగాయి. ఒకటి ఆగింది, ఇంకోటి మొదలైంది. రంగులక్క తన ఒళ్లో చేతులు చూసుకుంటూ కూర్చుంది.

ఆమెకు లేదు. ఆయనకు ఉంది.

నర్సు ఆ మాట మామూలు గొంతుతోనే చెప్పింది. తాళాలాయన మామూలుగానే నవ్వాడు.

"పేర్లు తారుమారయ్యాయి, చూడండి."

నర్సు వాదించలేదు. మళ్లీ ఇద్దరి వేళ్లూ పొడిచి, రెండో రకం కిట్టుతో ఆయన కళ్ల ముందే చేసింది. మళ్లీ అందరూ కూర్చున్నారు. ఆయన తన ముందున్న చిన్న పలకను, ఆమె ముందున్న పలకను మార్చి మార్చి చూశాడు. ఈసారి తారుమారు కావడానికి అక్కడ రంగులు లేవు. ఒకదాని మీద ఒక గీత ఉంది, ఒకదాని మీద రెండున్నాయి.

ఆయన లేచి, కుర్చీని జాగ్రత్తగా బల్ల కిందికి నెట్టి, వెళ్లిపోయాడు. నర్సు వెనకే పిలిచింది గానీ మెట్ల మీద అడుగులు ఆగలేదు.

రంగులక్క లేవలేదు. తెలుసుకోవలసినవి ఉన్నాయి. ఆమె అడిగింది, నర్సు చెప్పింది. ఇది ఆయనకు ఎప్పుడొచ్చిందో ఈ పరీక్ష చెప్పదు. మందులున్నాయి, రోజూ తప్పకుండా వేసుకుంటే కొన్ని నెలలకు రక్తంలో దొరకనంత తగ్గిపోతుంది, అప్పుడు పక్క ద్వారా ఇంకొకరికి అంటదు. దొరకడం లేదని పరీక్షలో తేలేదాకా కండోమ్ తప్పదు. సూది మాత్రం ఎప్పటికీ ఎవరిది వాళ్లదే, అదీ ప్రతిసారి కొత్తది. ఆమెకూ రోజుకొక బిళ్ల ఇస్తుంది, రాకుండా కాపాడేది. మూడు నెలల తరువాత ఆమె మళ్లీ పరీక్ష చేయించుకోవాలి. ఈ మధ్య అంటుకుని ఉంటే ఇవాళ కనిపించకపోవచ్చు. పొడికి బదులు తాగే మందు సంగతి కూడా నర్సు ఎత్తింది. రంగులక్క ఒకసారికి ఒక పనే అంది.

"ముందు ఎవరు వేసుకుంటారు?" అని అడిగింది నర్సు.

"ఆయనే. సరుకు మంచిదో కాదో చూడటానికి."

నర్సు రాస్తున్న కలం ఆపింది. "ఇక్కడికొచ్చే ఆడవాళ్లలో చాలామంది ఇదే చెబుతారమ్మా. ఇలాగే, ఇంత ముద్దుగా. సూది పంచుకుంటే ముందు వేసుకున్నవాడిది రెండోవాళ్ల రక్తంలోకి పోతుంది. రెండోవాళ్ల సూది ఎవరిలోకీ పోదు."

రంగులక్క ఈ మాటను గడప దాకా తీసుకెళ్లి వెలుతురులో చూడాల్సిన పని పడలేదు. అక్కడే కనిపించింది. తనవల్ల ఆయనకేమవుతుందోనని ఏడాది ఏడ్చింది. ఆయనవల్ల తనకేమవుతుందని ఒక్క పూటా అనుకోలేదు. ఆయనా అనుకోలేదు. చుక్కల రంగు నిర్ణయించేటప్పుడే ఎరుపు ఎవరికని ఇద్దరిలో ఎవరూ అడగలేదు.

"నాకు నేనే వేసుకోవడం నేర్పిస్తారా?" అని అడిగింది.

నర్సు తలుపు దగ్గరకు వేసి, ఖాళీ సిరంజితో పట్టు చూపించింది. రంగులక్క అయిదారుసార్లు పట్టి చూసింది. వచ్చేటప్పుడు ఈసారి గుప్పెడు సూదులూ తీసుకుంది. పోలీసులు అడిగితే నర్సు రాసిచ్చిన చీటీ ఉంది. కండోమ్‌ల పెట్టె కూడా ఇవ్వబోతే వద్దంది. ఇన్నేళ్లుగా మీరిచ్చినవే ఇంట్లో డబ్బా నిండా ఉన్నాయి, ఉన్న సరుకు మీద కొత్త సరుకు ఎందుకంది.

తాళాలాయన చీకటి పడకముందే ఇల్లు చేరాడు. తలుపు పక్కన నేల మీద చాప వేసుకున్నాడు. ఒక గ్లాసు, ఒక కంచం విడిగా తీసి తన చాప దగ్గర పెట్టుకున్నాడు. కంచం వల్ల రాదని ఆమె చెప్పింది. ఆయన వినలేదు. ఆ పూట ఆమెకు ఆయనే కొత్త సూదితో వేశాడు, ఊపిరి బిగబట్టి, ఆమె చర్మానికి తన వేలు తగలకుండా.

శనివారం షాపు నుంచి వచ్చేసరికి కూడా చాప అక్కడే ఉంది. ఆమె చెప్పులు విడిచి, ఆ చాప అంచు మీద కూర్చుంది. ఆయన గోడతో మాట్లాడుతున్నట్టు చెప్పాడు.

"మీ చెల్లెలి కాన్పుకు, పొడి కూడా మానేద్దామని పది రోజులు పోయావు చూడు, నాలుగు నెలల కింద. మన పాతవాళ్లు వచ్చారు. నలుగురం. ఒక్కటే సూది."

"మొన్న నేను నా సంగతి చెప్పినప్పుడు ఇది చెప్పాలనిపించలేదా?"

"అనిపించలేదు. నీదే అనుకున్నాను."

ఆమె దగ్గర ఆ క్షణంలో చాలా మాటలున్నాయి. ఏదొచ్చినా నిన్నేమీ అనను అని ఆయన మొన్న ఇచ్చిన మాటను ఆయనకే తిరిగి ఇచ్చేయొచ్చు, తల మీద చెయ్యి కూడా వేయొచ్చు. అది ఆమెకు రుచించలేదు. ఆ మాట ఎంత బరువుంటుందో మొన్న తల వంచి మోసింది కదా.

నేరుగా విషయానికి వచ్చింది. సోమవారం పొద్దున ఆయన నర్సు చెప్పిన ఆసుపత్రికి వెళ్లి మందులు మొదలుపెట్టాలి; రోజూ తను షాపుకు పోయేముందు తన కళ్ల ముందే బిళ్ల మింగాలి. రేపటి నుంచి తన సూది తనే వేసుకుంటుంది, ముందు తనే వేసుకుంటుంది. ఆయన వేస్తానన్నా చెయ్యి ఇవ్వదు. పక్క దగ్గర కండోమ్ లేకుండా ఇక లేదు.

"ఇవన్నీ ఒప్పుకుంటే?"

"ఉంటాను."

"ఒప్పుకోకపోతే?"

"షాపు మీద గది ఖాళీగా ఉంది. పెద్దమ్మను అడిగాను. ఎందుకని ఆవిడ అడగలేదు."

తాళాలాయన చాప అల్లికను గోటితో గీకాడు. సూది సంగతే ఆయనకు అన్నిటికన్నా గట్టిగా తగిలినట్టుంది. ఈ ఇంట్లో ఆమెకు తను చేసే పని అదొక్కటే అన్నాడు. అందుకే మానిపిస్తున్నానంది.

కాసేపటికి ఆయన ఇంకా నెమ్మదిగా అడిగాడు.

"ఇంకా నా పక్కన పడుకుంటావా?"

"పడుకోనని నేను అనలేదే. నువ్వే చాప వేసుకున్నావు."

ఆదివారం షాపు సెలవు. పొద్దున ఆమె కిటికీ దగ్గర కూర్చుని తన పని తను చేసుకుంది. రెండుసార్లు తప్పింది. రక్తం చిన్న పూసలా వచ్చి ఆగింది. తాళాలాయన రెండుసార్లూ లేవబోయి కూర్చున్నాడు. మూడోసారి కుదిరింది. ఆమె తన సూది నర్సు ఇచ్చిన చిన్న పసుపు డబ్బాలో వేసి మూత బిగించిన తరువాతే ఆయన తనది విప్పాడు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆయన చాప చుట్టి మూల నిలబెట్టాడు. మంచం అంచున కూర్చున్నాడు, పిలవని పేరంటానికి వచ్చినవాడిలా. ఆమె తలుపు గడియ పెట్టి, అలమర పై అర నుంచి డబ్బా దించింది. ఒక ప్యాకెట్టు ఆయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పాడు. ఎన్నడూ చేతిలోకి తీసుకుని చూసింది లేదు కాబట్టి మీద రాసినవన్నీ చదవడం మొదలుపెట్టాడు. అంచు దగ్గరికి వచ్చేసరికి కిటికీ వైపు తిప్పి కళ్లు చికిలించాడు.

"ఇది పోయినేడే అయిపోయిందే."

ఆమె లాక్కుని చూసింది. తేదీ నిజమే. ఇంకోటి తీసింది, అదీ అంతే. డబ్బా మంచం మీద బోర్లించింది. ఇద్దరూ ఒక్కొక్కటే తీసి అంచులు చదివారు. మూడేళ్ల కిందటివి, నాలుగేళ్ల కిందటివి. ఒక్కటీ బతికిలేదు. షాపులో పాత సరుకు ముందు, కొత్త సరుకు వెనక అని ఏ రోజుకారోజు అరలు సర్దే మనిషి ఆమె. ఇంట్లో ఇంత సరుకు కుళ్లబెట్టింది. సిగ్గుతో మొదలై అది నవ్వయింది. ఆమె నవ్వడం చూసి ఆయనా నవ్వాడు, శుక్రవారం నుంచి మొదటిసారి.

తరువాత నవ్వు ఆగింది. మంచం మీద ఆ చచ్చిన ప్యాకెట్లు ఉన్నాయి, వాటికి అటూ ఇటూ ఇద్దరూ ఉన్నారు. ఆయన ఆమె వైపు చూశాడు. ఈ ఒక్కసారికి అని ఆయన అంటే ఏం చేయాలో ఆమె శనివారమే తేల్చుకుని ఉంది. సంచి ఎక్కడుందో, అందులో ఏమేం పెట్టుకోవాలో కూడా తెలుసు. ఆ మాట కోసం నిశ్చలంగా ఎదురుచూసింది.

తాళాలాయన లేచాడు. కొక్కేనికున్న చొక్కా తీసి వేసుకున్నాడు. పై గుండీ కూడా పెట్టుకున్నాడు.

"నర్సు గదికి ఇవాళ సెలవు," అంది ఆమె.

"మందుల షాపు ఉంది కదా."

మందుల షాపు వీధి మొదట్లో ఉంది. దాని షట్టరుకు తాళం బిగించింది ఆయనే. ఆ పక్క దుకాణాల వాళ్లందరికీ ఆయన తెలుసు. సెలవు మధ్యాహ్నం కాబట్టి అందరూ అరుగుల మీదే ఉంటారు. ఆయన మెట్లు దిగిపోయాడు.

ఆమె పాత ప్యాకెట్లన్నీ చెత్తబుట్టలో వేసింది. దుప్పటి దులిపి పరిచింది. వీధిలో ఆయన గొంతు కోసం చెవి పెట్టింది, వినిపించలేదు. వెళ్లి రావడానికి పది నిమిషాలు చాలు. పావుగంటయింది. ఆయన ఇటు కాక అటు తిరిగి పాతవాళ్ల దగ్గరికి పోయాడేమో అనుకుంది. అలా అనుకున్నా ఆమెకు కోపం రాలేదు. కిటికీ దగ్గరికి వెళ్లలేదు. మంచం మీద కాళ్లు ముడుచుకుని కూర్చుంది.

మెట్ల మీద అడుగులు వినిపించాయి. తొందర లేని అడుగులే. తాళాలాయన లోపలికి వచ్చి గడియ వేశాడు. చేతిలో పెద్ద డబ్బా ఉంది. కాగితం చుట్టలేదు, సంచిలో పెట్టలేదు, వీధంతా అలాగే పట్టుకుని నడిచొచ్చాడు.

"ఇంతసేపేం?"

"చిన్నది అడిగాను. తరువాత పెద్దది అడిగాను. అందరూ ఉన్నారక్కడ." డబ్బా మంచం మీద పెట్టాడు. "తేదీ చూసే తెచ్చాను, చూసుకో. వాడు నవ్వాడు. ఇంత పెద్ద డబ్బా ఎందుకయ్యా, ఎక్కడైనా లాడ్జీ పెట్టావా అన్నాడు."

"నువ్వేమన్నావు?"

ఆయన పై గుండీ విప్పుకుంటూ చెప్పాడు.

"ఇంట్లోకే అన్నాను."